లెక్కల్లో ఫస్ట్ వచ్చే పిల్లాడు ఫుట్‌బాల్ అంటుంటే మాన్పించాలా?

అమ్మా, మీ మెయిల్‌లో విషయం ముందు క్లుప్తంగా చెప్తాను, మిగతావాళ్ళకి కూడా అర్థమవ్వాలి కదా. మీరుండేది డల్లాస్ దగ్గర, బాబు టెన్త్ గ్రేడ్, లెక్కల్లో దిట్ట, కానీ స్కూల్ ఫుట్‌బాల్ (మన సాకర్ కాదు, బంతి చేత్తో పట్టుకుని ఆడే అమెరికన్ ఫుట్‌బాల్) టీమ్‌లో క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి అందుకుని విసిరేవాడు. చదువు పాడైపోతుంది మాన్పించేద్దాం అంటున్నారట వాళ్ళ నాన్నగారు.

చదువు పాడవుతుందన్న ఒక్క భయంతో అయితే మాన్పించకండి. మీ పక్కనే ఫోర్ట్ వర్త్‌లో 1936లో పుట్టిన ఫ్రాంక్ రయన్ గురించి చెప్తాను. హ్యూస్టన్‌లో రైస్ యూనివర్సిటీలో ఫిజిక్స్ చదువుతూ ఆడాడు, ఆ టీమ్‌లోనే కింగ్ హిల్ అని ఇంకో క్వార్టర్‌బ్యాక్ ఉండేవాడు, 1958 డ్రాఫ్ట్‌లో, అంటే ప్రొఫెషనల్ టీమ్‌లు కాలేజీ ఆటగాళ్ళని వంతులవారీగా ఎంచుకునేచోట, హిల్‌ని మొత్తం దేశంలోనే మొదట ఎంచుకున్నారు, రయన్‌ని ఐదో రౌండ్‌లో లాస్ ఏంజిలిస్ రామ్స్ టీమ్ తీసుకుంది, అక్కడ నాలుగేళ్ళున్నా చోటు గట్టిగా కుదరలేదు. అప్పట్లో ఆటగాళ్ళకి ఇప్పట్లా కోట్లు లేవు, ఆఫ్ సీజన్‌లో చాలామంది ఏదో ఒక ఉద్యోగం చేసుకునేవాళ్ళు. రయన్ మాత్రం రైస్‌లో మ్యాథ్స్ పీహెచ్‌డీ పట్టుకున్నాడు, ఆడుతూనే ఏళ్ళ తరబడి వదల్లేదు, నాకు ఈయన మీద ఇంత గౌరవం అందుకే.

1962లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ టీమ్‌కి వెళ్ళాడు. 1964 డిసెంబర్ 27, ఛాంపియన్‌షిప్ మ్యాచ్, చలి, సరస్సు మీంచి ఈదురుగాలి, దాదాపు 80 వేల మంది జనం, ఎదురుగా అందరూ గెలుస్తుందనుకున్న బాల్టిమోర్ కోల్ట్స్. సగం ఆట అయ్యేసరికి 0-0. తర్వాత రయన్ విసిరిన మూడు బంతులు గ్యారీ కాలిన్స్ అందుకుని మూడు టచ్‌డౌన్లు (బంతిని అవతలి టీమ్ గీత దాటించడం) చేశాడు, 27-0తో బ్రౌన్స్ గెలిచింది. ఆ తర్వాతి ఏడాదే, 1965లో, డాక్టరేట్ చేతికొచ్చింది!

ఆడటం మానేశాక వాషింగ్టన్‌లో ప్రతినిధుల సభ (మన లోక్‌సభ లాంటిది) కంప్యూటర్ విభాగం ఆయన చేతికిచ్చారు. అంతకుముందు సభ్యుల పేర్లు ఒక్కొక్కటీ పిలిచి ఓటు అడిగేవాళ్ళు, దానికే ముప్పావుగంట పట్టేది, 1973లో కార్డు పెట్టి బటన్ నొక్కే పద్ధతి వచ్చాక 15 నిమిషాల్లో అయిపోయేది. తర్వాత యేల్ యూనివర్సిటీలో క్రీడల డైరెక్టర్. ఆ చదువే లేకపోతే ఈ తలుపులు తెరుచుకునేవా చెప్పండి.

ఒక్కటి దాచను. 2024లో పోయేముందు ఆయనకి అల్జీమర్స్ ఉంది, ఆటలో తలకి తగిలే దెబ్బలు మెదడుని ఏం చేస్తాయో చూసే పరిశోధనకి ఆయన మెదడుని ఇచ్చారు. మీరు భయపడాల్సింది మార్కుల గురించి కాదు, తల గురించి. టెక్సాస్ చట్టం ప్రకారం తలకి దెబ్బ తగిలిందని అనుమానం వస్తే వెంటనే ఆట ఆపాలి, డాక్టర్ రాసిచ్చాకే మళ్ళీ దిగాలి, "నాకేం కాలేదమ్మా" అని బాబు ఎంత బతిమాలినా మీరు కరగొద్దు. ఇంత కచ్చితంగా ఉండడం కుదరదు, మనసు ఒప్పుకోదు అంటే అప్పుడు మాన్పించినా నేను తప్పుపట్టను.

అమెరికాలో ఈ ఆటకి పెద్ద ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో 32 టీమ్‌లు, ఒక్కోదానికి 53 మంది, అంతే, హైస్కూల్‌లో ఆడేది సుమారు పది లక్షల మంది, ఈ లెక్క బాబు చేతే వేయించండి, లెక్కల పిల్లాడు కదా. కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ వన్‌లో ఆడాలన్నా హైస్కూల్‌లో 16 కోర్ కోర్సులు (ఇంగ్లీషు, లెక్కలు, సైన్స్ లాంటి ముఖ్యమైన సబ్జెక్టులు) కావాలి, అందులో 10 సీనియర్ ఇయర్‌లోకి, అంటే ట్వెల్త్ గ్రేడ్‌లోకి, అడుగుపెట్టకముందే అవ్వాలి, ఈ వారమే స్కూల్ కౌన్సిలర్‌ని కలిసి ఎన్ని అయ్యాయో చూసుకోండి. వాళ్ళ నాన్నగారిని కూడా ఒక శుక్రవారం రాత్రి మ్యాచ్‌కి తీసుకెళ్ళండి, మాన్పించాలా వద్దా అన్న మాట ఆ తర్వాత ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోండి.