ఇంగ్లిష్ బోధనపై పరిశోధన వ్యాసాలు ఎక్కడ వెతకాలి?

ఇంగ్లిష్ మాతృభాష కాని పిల్లలకు ఆ భాష నేర్పడం మీద ఎం.ఎడ్. డిసర్టేషన్ రాస్తున్నానని, నమ్మదగిన వ్యాసాలు ఎక్కడ దొరుకుతాయని అడిగారు. ముందు ఎరిక్‌తో మొదలుపెట్టండి. అమెరికా విద్యాశాఖ నడిపే ఉచిత డేటాబేస్ ఇది. అందులో 'పీర్ రివ్యూడ్ ఓన్లీ', 'ఫుల్ టెక్స్ట్' అనే రెండు గడులకూ టిక్ పెడితే, తోటి పరిశోధకులు పరిశీలించినవీ, పూర్తిగా చదవగలిగినవీ మాత్రమే మిగులుతాయి.

చాలామందికి అసలు చిక్కు వెతికే మాట దగ్గరే వస్తుంది. దాదాపు ఒకే విషయాన్ని ఒకరు ఈఎస్ఎల్ (రెండో భాషగా ఇంగ్లిష్) అంటారు, మరొకరు ఈఎఫ్ఎల్ (విదేశీ భాషగా ఇంగ్లిష్) అంటారు, అమెరికా బడుల గురించి రాసేవాళ్లు 'ఇంగ్లిష్ లెర్నర్స్' అంటారు. అన్నీ మార్చి మార్చి వెతకండి. 'ఇంగ్లిష్ టీచింగ్' అని కొడితే వేలకొద్దీ వచ్చి టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. 'వొకాబులరీ', 'ప్రైమరీ స్కూల్' లాంటివి జోడించండి.

మంచి వ్యాసం ఒక్కటి దొరికితే పరిశోధన వ్యాసాలు వెతికిపెట్టే గూగుల్ స్కాలర్‌లో దాని కింద 'సైటెడ్ బై' నొక్కండి. దాన్ని ఉదహరించిన తర్వాతి పరిశోధనలు కనిపిస్తాయి. నాకైతే అన్నిటికన్నా ఉపయోగపడే దారి ఇదే.

మన తరగతి గదుల గురించైతే శోధ్‌గంగ తప్పక చూడండి. భారతీయ విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు అక్కడ ఉచితం.