స్పెయిన్ బీచ్‌కు వెళ్లే ముందు నోటికి రావలసిన మాటలు

బార్సిలోనాకు చదువుకోసమో ఉద్యోగంకోసమో వచ్చిన మనవాళ్లు జూన్ నెల రాగానే అడిగే సందేహం ఒకటుంది. బీచ్‌కు పిల్లలతో వెళ్లాలంటే ఎంత స్పానిష్ వచ్చి ఉండాలి, ఇంగ్లీషుతో నెట్టుకురాలేమా అని. హోటళ్ల దగ్గర, పర్యాటకులు ఎక్కువగా తిరిగే బార్సెలోనెటా వైపు ఇంగ్లీషుతో చాలావరకు గడిచిపోతుంది. కానీ నీళ్లలో ప్రమాదం ఎదురైనప్పుడు, పిల్లవాడు కనబడనప్పుడు పక్కనున్న పెద్దావిడకు ఇంగ్లీషు వస్తుందన్న నమ్మకం లేదు. అందువల్ల తిండి మాటలకన్నా ముందు ప్రాణానికి సంబంధించిన మాటలు నేర్చుకోండని కొత్తగా వచ్చిన ప్రతి కుటుంబానికీ నేను చెబుతుంటాను.

మొదటిది జెండా. లైఫ్‌గార్డ్‌ను ఇక్కడ ‘సొకొర్రీస్తా’ అంటారు. ఆయన కూర్చునే గట్టు దగ్గర ఎగిరే జెండాను ‘బందేరా’ అంటారు. ‘బేర్దె’ అంటే ఆకుపచ్చ, నిశ్చింతగా దిగవచ్చు. ‘అమరీయా’ అంటే పసుపు, జాగ్రత్తగా ఉండాలి. ‘రోహా’ అంటే ఎరుపు, దిగకూడదు. బార్సిలోనాలో బోర్డులు అక్కడి స్థానిక భాష కాతలాన్‌లో కూడా ఉంటాయి కనుక ఎరుపుకు ‘బెర్మేయా’, ప్రమాదానికి ‘పెరీయ్’ అన్న మాటలు కూడా గుర్తుపెట్టుకోవడం మంచిది. జెండా కనబడకపోతే సొకొర్రీస్తాను “నోస్ పొదేమోస్ బన్యార్ ఓయ్?” అని అడగండి, ఈ రోజు నీళ్లలో దిగవచ్చా అని దాని అర్థం. వేసవి దాటాక చాలా బీచ్‌లలో సొకొర్రీస్తాలు ఉండరు. అక్టోబరులో ఎండ బాగుంది కదా అని వెళ్లేవాళ్లు ఈ సంగతి మరచిపోకూడదు.

విశాఖ ఆర్కే బీచ్‌లో అలల జోరు చూసి మనం మోకాలి లోతు దగ్గరే ఆగిపోతాం. మధ్యధరా సముద్రం చాలా రోజులు చెరువులా ప్రశాంతంగా కనిపిస్తుంది. ఆ ప్రశాంతతను నమ్మి ఈత రాని మనవాళ్లు లోపలికి నడిచిపోవడం, కాళ్ల కింద ఇసుక ఉన్నట్టుండి దిగిపోవడం నేను కళ్లారా చూశాను. అందుకే నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న “కూబ్రె మూచో అకీ?” అన్నది, అంటే ఇక్కడ లోతు ఎక్కువా అని. దానికి జవాబుగా “నో సె ఆథె ప్యే” అన్నారంటే అక్కడ కాలు నేలకు ఆనదని అర్థం. ఈత రానివారు ఇక ముందుకు వెళ్లకూడదు. ఎవరైనా మునిగిపోతున్నట్టు కనబడితే “సొకోర్రో!” అని గట్టిగా అరవండి, వేలు చూపిస్తూ “సె ఎస్తా అఓగాందో!” అనండి. ఫోన్ చేయవలసివస్తే 112. బీచ్ పేరు ముందే తెలుసుకొని “ఎస్తోయ్ ఎన్ లా ప్లాయా దె బోగతెల్” అన్నట్టు, మీరున్న చోటి పేరు పెట్టి చెప్పగలిగితే సహాయం త్వరగా చేరుతుంది.

పిల్లలు తప్పిపోవడం గురించి కాస్త విడిగా చెప్పాలి, ఎందుకంటే జూలై, ఆగస్టు ఆదివారాలలో గొడుగుల మధ్య దారి కనబడదు, అన్ని తువ్వాళ్లూ ఒకేలా ఉంటాయి, అయిదేళ్ల పిల్లవాడు నీళ్లలోంచి తిరిగి చూసేసరికి అమ్మానాన్నలు ఏ దిక్కున ఉన్నారో పోల్చుకోలేడు. “నో ఎన్‌క్వెంత్రో ఆ మి ఈహో” అంటే మా అబ్బాయి కనబడటం లేదు; అమ్మాయి అయితే చివరి మాట ‘ఈహా’ అవుతుంది. ఆ వెంటనే వాళ్లు అడిగేది వయసు, వేసుకున్న బట్టలు. “త్యేనె థీంకో ఆన్యోస్” అంటే అయిదేళ్లవాడు. “యేబా ఉన్ బన్యాదోర్ రోహో” అంటే ఎర్రటి ఈత దుస్తులు వేసుకున్నాడు. రంగుల పేర్లు ముందే నేర్చుకోవాలి: ‘అథూల్’ నీలం, ‘బేర్దె’ ఆకుపచ్చ, ‘అమరీయో’ పసుపు (జెండాకు చెప్పేటప్పుడు ‘అమరీయా’), ‘నేగ్రో’ నలుపు. ఆ కంగారులో ఏ భాషా నోటికి రాదు కనుక ఇంట్లో రెండు మూడుసార్లు పైకి చెప్పి చూసుకోండి, పిల్లల మణికట్టు మీద మీ ఫోన్ నంబరు పెన్నుతో రాసి పంపండి.

జెల్లీచేపలను ‘మెదూసా’ అంటారు. దిగేముందు “ఆయ్ మెదూసాస్?” అని అడగడం ఇక్కడివాళ్లకూ అలవాటే. కుట్టితే “మె ఆ పికాదో ఊనా మెదూసా” అని చెబుతూ సొకొర్రీస్తా దగ్గరకు వెళ్లండి. ఆ చోటును రుద్దవద్దు, మంచినీళ్లు పోయవద్దు, సముద్రపు నీటితోనే కడగాలి. పసుపో నిమ్మరసమో రాయాలని ఇంట్లో పెద్దలు చెప్పినా ఆ పని చేయకండి.

ఉచ్చారణకు భయపడనక్కరలేదు. వాళ్ల త, ద మన త, ద లాగే పలుకుతాయి, అచ్చులు కూడా రాసినట్టే ఉంటాయి, ‘హెచ్’ అక్షరం పలకదు. ‘జె’ అక్షరాన్ని గొంతులోంచి వచ్చే ‘హ’గా పలకాలన్న ఒక్క సంగతి గుర్తుంటే చాలు. ఏం అడిగేముందైనా “ఓలా, బ్వేనాస్” అని పలకరించడం ఇక్కడ మర్యాద. పలకరింపు లేకుండా నేరుగా ప్రశ్న వేస్తే ముఖం ముడుచుకుంటారు.

ఇక తిండి. బీచ్ ఒడ్డున ఉండే చిన్న హోటల్‌ను ‘చిరింగీతో’ అంటారు. మధ్యాహ్న భోజనం రెండు గంటల ప్రాంతంలో మొదలవుతుంది కనుక పన్నెండింటికే ఆకలేసే పిల్లలకు ఇంటినుంచి పులిహోరో పెరుగన్నమో తీసుకెళ్లడం మంచిది. శాకాహారులు “సోయ్ బెహెతరియానో” అని చెప్పి ఊరుకోకూడదు, ఆడవారు ‘బెహెతరియానా’ అనాలి. మాంసం లేదనగానే చేప పరవాలేదనుకునేవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. ‘ఎన్సలాదా మీక్స్తా’ అన్న మామూలు సలాడ్ అడిగినా ఆకుల మీద ట్యూనా చేప ముక్కలు, ఉడికిన గుడ్డు పరచి తెస్తారు. అందుకే “యేబా కార్నె ఓ పెస్కాదో?” అని, ఇందులో మాంసం గాని చేప గాని ఉందా అని, ప్రతి వంటకానికీ అడగండి. ‘సిన్’ అంటే లేకుండా: ‘సిన్ అతూన్’ ట్యూనా లేకుండా, ‘సిన్ హమోన్’ పంది మాంసం లేకుండా, ‘సిన్ వేబో’ గుడ్డు లేకుండా. కూరగాయల పాయెయ్యా (అన్నంతో చేసే ఇక్కడి వంటకం) అని రాసి ఉన్నా అన్నం ఉడికించిన రసం చేపలదో కోడిదో కావచ్చు కనుక “ఎల్ కాల్దో ఎస్ దె బెర్దూరాస్?” అని అడిగి తీరాలి. టమాటా రాసిన రొట్టె ‘పాన్ కోన్ తొమాతె’, వేయించిన పచ్చిమిరపకాయలు ‘పిమ్యెంతోస్ దె పద్రోన్’ మనవాళ్లకు బాగా నచ్చుతాయి. చివరకు “లా క్వెంతా, పోర్ ఫబోర్” అంటే బిల్లు తెస్తారు.

గొడుగు అద్దెకు “క్వాంతో క్వేస్తా లా సోంబ్రీయా తోదో ఎల్ దీయా?” అని రోజంతటికీ ఎంతో ముందే అడగండి. ఇసుకలో తిరుగుతూ పానీయాలు, దుప్పట్లు అమ్మేవాళ్లకు “నో, గ్రాథియాస్” అన్న ఒక్క మాట చాలు.

అందరూ కలిసి నీళ్లలోకి వెళ్లి సామాను ఒంటరిగా వదలకండి. తప్పనిసరి అయితే పక్కన ఉన్న కుటుంబాన్ని “మె ప్వేదెస్ బిహిలార్ లాస్ కోసాస్ ఉన్ మొమెంతో?” అని కాసేపు చూడమని అడగండి, పెద్దవారిని అడిగేటప్పుడు ‘ప్వేదెస్’ బదులు ‘ప్వేదె’ అనాలి. అయినా దొంగతనం జరిగితే “మె ఆన్ రొబాదో ఎల్ మోబిల్” అంటే నా ఫోన్ దొంగిలించారు అని. పోలీసు స్టేషన్‌లో “కియేరో పొనేర్ ఊనా దెనూన్థియా” అని చెప్పి ఫిర్యాదు రాయించండి, దాని ప్రతి అడిగి తీసుకోండి. పాస్‌పోర్టు గాని నివాస కార్డు గాని పోయినట్లయితే కొత్తది తీసుకోవడానికి ఆ కాగితమే మొదట అడుగుతారు.