ప్లాంట్ బ్రీడింగా, పరిణామ జీవశాస్త్రమా?

ప్రశ్న: మా అబ్బాయికి బయాలజీ అంటే ప్రాణం. పీజీలో ప్లాంట్ బ్రీడింగ్ తీసుకోవాలా, పరిణామ జీవశాస్త్రం తీసుకోవాలా అని ఊగిసలాడుతున్నాడు. ‘బ్రీడింగ్ అంటే మనుషులు చేసే ప్రకృతి వరణమే (నేచురల్ సెలక్షన్), ఏది చదివినా ఒకటే’ అంటాడు. నిజమేనా?
– ఒక తల్లి

జవాబు: మీవాడి మాటలో సగం నిజం ఉందమ్మా. 1859లో అచ్చయిన తన ‘ఆన్ ది ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్’ పుస్తకాన్ని పరిణామ సిద్ధాంతకర్త డార్విన్ కూడా పెంపుడు జంతువులు, సాగు మొక్కలతోనే మొదలుపెట్టాడు. స్వయంగా పావురాలు పెంచి మరీ గమనించాడు. రెండింటికీ ముడిసరుకు ఒకటే: ఒకే జాతిలో కనిపించే తేడాలు, అవి పిల్లలకు సంక్రమించడం. కాకపోతే ఏవి సంతానాన్ని మిగల్చాలో తేల్చేది ఎవరన్న దగ్గరే దారులు చీలిపోతాయి.

బ్రీడింగ్‌లో, అంటే కృత్రిమ వరణంలో, మనిషే తేలుస్తాడు. పువ్వు విచ్చకముందే పట్టకారుతో కేసరాలు తీసేసి, తనకు కావలసిన మొక్క పుప్పొడి అద్ది, కాగితపు సంచి తొడిగి, చీటీ కడతాడు. ఏం కావాలో ముందే తెలుసు. అలా కోరుకున్నది మొక్కకో జంతువుకో మేలు చేయాలనేమీ లేదు. బుల్‌డాగ్‌నే చూడండి. పెద్ద తల కోసం తరతరాలుగా ఎంచుకుంటూ వచ్చారు. ఇప్పుడు దాని పిల్లలు చాలావరకు సిజేరియన్‌తోనే పుడుతున్నాయి.

ప్రకృతి వరణంలో ఎంచేవాళ్లే ఉండరు; పరిసరాలకు తగినవే ఎక్కువగా బతికి సంతానాన్ని మిగులుస్తాయి. పసిఫిక్ మహాసముద్రంలోని గలపాగోస్ దీవుల్లో ఒకటైన డాఫ్నే మేజర్‌లో జీవశాస్త్రవేత్తలు పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు ఫించ్ పిట్టల కాళ్లకు రింగులు తొడిగి, ముక్కులు కొలుస్తుండేవారు. 1977లో కరవొచ్చింది. చిన్న గింజలు అయిపోయి, పెద్ద గట్టి గింజలే మిగిలాయి. వాటిని పగలగొట్టలేని చిన్న ముక్కు పిట్టలు ఎక్కువగా చనిపోయాయి. తర్వాతి తరంలో ముక్కు మందం సగటున దాదాపు 4 శాతం పెరిగింది. 1983లో కుండపోత వానల తర్వాత చిన్న గింజలు విరివిగా దొరికేసరికి మొగ్గు చిన్న ముక్కుల వైపు తిరిగింది. (ఏ బ్రీడరైనా ఇలా మధ్యలో మనసు మార్చుకుంటే ఉద్యోగం ఊడుతుంది!)

పిల్లలు బోల్తా పడే చోటు ఇంకొకటుంది. యాంటీబయాటిక్‌కు లొంగని బ్యాక్టీరియా దేని ఫలితం? మందు వాడింది మనిషే కదా అని కృత్రిమ వరణం అనేస్తారు. కానీ అలాంటి బ్యాక్టీరియా కావాలని ఎవరూ కోరుకోలేదు. అది ప్రకృతి వరణమే.

ఇక చదువు సంగతి. ప్లాంట్ బ్రీడింగ్‌లో పీజీతోనే విత్తన కంపెనీల్లోనో పరిశోధన క్షేత్రాల్లోనో అడుగుపెట్టవచ్చు. కాకపోతే పొలంలో ఎండకు నిలబడాలి, ఒక రకం బయటికి రావడానికి పదేళ్లు పట్టినా ఓపిక పట్టాలి. పరిణామ జీవశాస్త్రంలో పీహెచ్‌డీ లేకుండా ముందుకెళ్లడం కష్టం. పరిశోధన, బోధనతో పాటు వ్యాధికారక క్రిముల జన్యు మార్పుల మీద నిఘా, అంతరించిపోతున్న జాతుల సంరక్షణ వంటి పనులున్నాయి. జీతం త్వరగా రావడమే ముఖ్యమైతే నా ఓటు మొదటిదానికే.

ఇప్పుడే తేల్చుకోలేకపోతే ముందు స్టాటిస్టిక్స్, పరిమాణాత్మక జన్యుశాస్త్రం (ఎత్తు, దిగుబడి లాంటి కొలవదగ్గ లక్షణాల జన్యుశాస్త్రం) గట్టిగా చదవమనండి. ఎంపికలో వచ్చిన తేడాను (ఎంపికైన వాటి సగటుకూ మొత్తం గుంపు సగటుకూ మధ్య తేడా) అనువంశికతతో (ఆ లక్షణంలోని తేడాలు ఎంతవరకు సంతానానికి సంక్రమిస్తాయన్న కొలత) గుణిస్తే తర్వాతి తరంలో ఎంత మార్పు వస్తుందో అంచనా వేయొచ్చు. ‘బ్రీడర్ల సమీకరణం’ అని పిలిచే ఆ లెక్కనే ఫించ్ పిట్టల ముక్కులకూ వేశారు.