మేనేజరు ముందు మౌనం, ఇంట్లో కోపం

అనంతపురం నుంచి రాసిన సోదరునికి,

మీ వయసు 26 ఏళ్లు. ఒక మైక్రోఫైనాన్స్ సంస్థ తరఫున కళ్యాణదుర్గం వైపు పల్లెల్లో మహిళా గ్రూపుల నుంచి కంతులు వసూలు చేస్తున్నారు. రోజూ సాయంత్రం వాట్సాప్ గ్రూపులో బకాయిల జాబితా పెట్టి, మీ పేరును ఎర్ర అక్షరాల్లో చూపి, మేనేజరు అందరి ముందూ మందలిస్తున్నారు. అక్కడ "సరే సార్" అని ఊరుకున్న మీరు, మొన్న రాత్రి భోజనం దగ్గర ఫోన్ ఆగకుండా మోగుతుంటే "ఎవరు?" అని మీ భార్య అడిగిన పాపానికి, ఆమె ఎదుటే సంగటి పళ్లెం విసిరికొట్టారు. కోపాన్ని అణచుకునే మార్గం చెప్పమంటున్నారు.

అణచుకోవడం మీకు ఇప్పటికే బాగా వచ్చు, చిక్కంతా అక్కడే ఉంది. పగలంతా దిగమింగినది రాత్రికి, తిరిగి ఒక మాట అనని మనిషి మీద పడుతోంది. 1990లో పీటర్ సలోవే, జాన్ మేయర్ అనే మనస్తత్వవేత్తలు భావోద్వేగ ప్రజ్ఞను వివరించినప్పుడు, తన మనసులోనూ ఎదుటివారి మనసులోనూ ఏం కదులుతోందో గుర్తించి, ఆ ఎరుకతో ఆలోచించి నడుచుకోగలగడాన్ని ఆ పేరుతో పిలిచారు. ఎన్ని మాటలన్నా పడి ఉండడమే దాని అర్థమన్నట్టు కొన్ని శిక్షణ తరగతుల్లో చెబుతుంటారు. యాజమాన్యాలకు అది సౌకర్యంగా ఉంటుంది.

మీ ఉత్తరంలో నాకు కోపం కంటే ముందు మరి రెండు కనిపించాయి. జాబితాలో పేరు చూసినప్పుడు మీకు కలిగేది అవమానం. వాన లేక వేరుశనగ పోయిన ఇంట్లో, చీకటి పడ్డాక, డబ్బు లేదని ఏడుస్తున్న అప్పు తీసుకున్న మహిళ ఎదుట లేవకుండా కూర్చోవలసి వచ్చినప్పుడు "మా అమ్మ గుర్తొచ్చింది" అని రాశారే, అది తప్పు చేస్తున్నానన్న బాధ. అవమానం విషయం మేనేజరుతో, నెలాఖరు హడావుడి లేని రోజున, విడిగా మాట్లాడండి: "ఏ మహిళా గ్రూపులో కంతు ఎందుకు ఆగిందో రాసిస్తాను, నన్ను అనదలచుకున్నది నాతోనే అనండి సార్." రెండోది ఊపిరి వ్యాయామాలతో తీరేది కాదు. మైక్రోఫైనాన్స్ రుణాలపై రిజర్వు బ్యాంకు 2022లో ఇచ్చిన ఆదేశాలు, వసూలు కోసం రుణగ్రహీతకు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయడాన్ని కూడా కఠిన పద్ధతిగానే లెక్కించి నిషేధించాయి. ఇక చీకటి పడ్డాక ఇంట్లో కూర్చోవడం సంగతి వేరే చెప్పాలా? రాత్రిపూట వెళ్లమంటే ఈ నిబంధనను గుర్తుచేస్తూ మెయిల్ పెట్టండి. జవాబు కూడా రాతలోనే అడగండి.

ఇంటి సంగతికి వస్తే, పళ్లేనికి క్షమాపణ వేరుగా చెప్పాలి. అందులో "పని ఒత్తిడి వల్ల" అన్న మాట రానివ్వకండి, ఎందుకంటే ఆ క్షణంలో ఆమె భయపడింది మీ ఒత్తిడికి కాదు, మీకు. ఇకపై బండి వీధి మొదట్లోనే ఆపి, ఆ రోజు మనసులో ఉన్నది అవమానమో, బాధో, వట్టి అలసటో తేల్చుకుని, లోపలికి వెళ్లగానే "ఈరోజు మాట పడ్డాను, కాసేపు నన్ను వదిలెయ్" అని ఆమెకు చెప్పండి. భోజనం వేళ ఫోన్ మరో గదిలో ఉండనివ్వండి.

అయినా చేతికందినది విసరాలనిపించినా, రెండు వారాలు దాటి నిద్ర పట్టకపోయినా, బతుకు మీద విరక్తి కలిగినా, 14416కు, అంటే ప్రభుత్వ టెలి మానస్ సేవకు ఫోన్ చేయండి. ఏ వేళలోనైనా ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఉద్యోగం మానాలా అని చివర్లో అడిగారు. మీ మెయిలుకు ఎలాంటి జవాబు వస్తుందో చూసి, ఇంటి అప్పుల లెక్క ముందు పెట్టుకుని, ఆ నిర్ణయం మీ భార్యతో కలిసి తీసుకోండి.