కలిసి పెరిగిన పిల్లులు ఒక్కసారిగా ఎందుకు కొట్టుకుంటున్నాయి? ఒకదాన్ని ఇచ్చేయాలా?

ఇవ్వకండి. నిన్నటి దాకా ఒకే మంచం మీద పడుకున్నవి ఈరోజు రక్తాలు వచ్చేలా కొట్టుకుంటున్నాయంటే, గొడవ చాలావరకు ఆ రెండింటి మధ్య మొదలైనది కాదు. ముందు మీ కిటికీలు చూడండి.

మా ఇంట్లో గౌరి, బుజ్జి ఒకే ఈత పిల్లలు. ఒకదాని చెవులు ఒకటి నాకుతూ పెరిగాయి. ఒక సాయంత్రం గౌరి కిటికీ దగ్గర కూర్చుని ఉండగా, బుగ్గలు ఉబ్బిన గండుపిల్లి ఒకటి వచ్చి అద్దానికి అవతల నిలబడింది. గౌరి చెవులు వెనక్కి వాలిపోయాయి, తోక రెండింతలైంది, గొంతులో సన్నగా మూలుగు మొదలైంది. అప్పుడే నిద్ర లేచిన బుజ్జి ఎప్పటిలాగే వచ్చి దాని వీపు వాసన చూసింది. అంతే, గౌరి గిర్రున తిరిగి దాని మీద పడింది. గదంతా బొచ్చు. బుజ్జి భయంతో మూత్రం కార్చుకుంటూ మంచం కిందికి దూరింది. గండుపిల్లి మాత్రం తాపీగా గోడ దిగి తన దారిన పోయింది.

అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. అయితే కోపం అక్కడితో ఆగదు. ఆ ఉద్రేకం గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి తగ్గదు. ఈలోగా దెబ్బ తిన్నది రెండోదాన్ని చూడగానే బుసకొడుతుంది, ఆ బుసకు అది మళ్లీ రెచ్చిపోతుంది. గండుపిల్లిని చూడనివారికి ఇదంతా కారణం లేని పగలాగే కనిపిస్తుంది.

"వదిలేయండి, వాటికవే సర్దుకుంటాయి" అనేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. రెండింటినీ ఎత్తుకుని ముఖాలు దగ్గర పెట్టేవాళ్లు, నీళ్లు చల్లమనేవాళ్లు వీళ్లకన్నా నయమేమీ కాదు. వాటి భయాన్ని మీరే పెంచి పోషించినట్టు అవుతుంది. కొట్లాట మధ్య చేతులు పెట్టకండి, అట్టముక్కో దిండో అడ్డం పెట్టండి. పిల్లి కాటు పైకి చిన్న గాటే, లోపల లోతుగా దిగి చీము పట్టొచ్చు. కరిస్తే సబ్బుతో బాగా కడిగి డాక్టరుకు చూపించండి.

నేను వాటిని వేర్వేరు గదుల్లో ఉంచి, ఎవరి మలమూత్రాల ట్రే, ఎవరి నీళ్లు వాళ్లకే పెట్టాను. కిటికీ కింది సగానికి కాగితం అంటించాను. అవి ఒకదాన్నొకటి గుర్తుపట్టేది ప్రధానంగా వాసనతోనే కాబట్టి, ఒకటి పడుకున్న గుడ్డను రెండోదాని గదిలో వేసేదాన్ని. మూసిన తలుపుకు అటూ ఇటూ అన్నం పెట్టాను. బుస పూర్తిగా ఆగాకే తలుపు వేలెడంత తెరిచాను. వారాలు పట్టింది. తొందరపడి ఉంటే మళ్లీ మొదటికొచ్చేది.

మీ ఇంట్లో ఒకటి ఈమధ్య ఆసుపత్రికి వెళ్లి వచ్చిందా? ఆ మందుల వాసనకు రెండోది దాన్ని పరాయిదనుకుంటుంది, అప్పుడు కూడా ఇదే పద్ధతి. కిటికీ, ఆసుపత్రి రెండూ కాకపోతే నొప్పిని అనుమానించండి. పంటి నొప్పి, కీళ్ల నొప్పి ఉన్న పిల్లి ముట్టుకుంటే చాలు కొడుతుంది. వయసు మళ్లినదైతే థైరాయిడ్ పరీక్ష కూడా చేయించండి. పశువైద్యుడు పైపైన చూసి పంపేస్తుంటే, నోరు తెరిచి పళ్లు చూడమని మీరే అడగండి.