తెల్లరక్తకణాలు రక్తనాళం గోడ దాటి ముల్లు గుచ్చుకున్న చోటికి ఎలా చేరతాయి?

కాలికి ముల్లు దిగితే తెల్లరక్తకణాలు సరిగ్గా అక్కడికే ఎలా వెళ్తాయి, నరానికి బొక్క పడకుండా బయటికెలా వస్తాయి అని అడిగారు. (మన వాళ్ళు రక్తనాళాన్నీ నరమనే అంటారు కాబట్టి మీ ప్రశ్న అర్థమైంది లెండి.) నేను డాక్టర్ని కాదు, ల్యాబ్ టెక్నీషియన్ని. ఇరవై రెండేళ్ళుగా స్లైడు మీద రోజూ వందేసి తెల్లకణాలు లెక్కపెట్టి డిఫరెన్షియల్ కౌంట్ (ఏ రకం కణాలు ఎన్ని అనే లెక్క) రాస్తున్నాను. కానీ ఈ సంగతి నా బుర్రకెక్కింది మా బాబాయి రిపోర్టు వల్ల.

బాబాయికి ఆయాసం. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టిన నాలుగో రోజు టోటల్ కౌంట్ (ఒక మైక్రోలీటరు రక్తంలో తెల్లకణాల మొత్తం) చేస్తే 17,000 వచ్చింది. మామూలుగా 4,000 నుంచి 11,000 మధ్య ఉండాలి. జ్వరమా, లేదు. ఆయాసం తగ్గింది. మనిషి ఎదురుగా కూర్చుని ఇడ్లీలు తింటున్నాడు. నేనే ఎక్కడో తప్పు చేశానని మళ్ళీ చేశాను, అదే అంకె. మా పాథాలజిస్టు మేడమ్ స్లైడు చూసి, "బ్యాండ్ ఫామ్స్, అంటే ఇంకా ముదరని కణాలు, పెద్దగా లేవు. ఇన్ఫెక్షన్ కాదయ్యా, గోడ పట్టుకున్నవి గోడ వదిలాయి" అన్నారు.

ఏమిటా గోడ? రక్తనాళాల్లో ఉన్న, తెల్లకణాల్లో ఒక రకమైన న్యూట్రోఫిల్స్‌లో సుమారు సగం పారే రక్తంలో ఉండవు, గోడలకి ఆనుకుని ఉంటాయి. మన సిరంజిలోకి వచ్చేది పారుతున్న సగమే. స్టెరాయిడ్ ఆ పట్టు వదిలిస్తుంది, పైగా ఎముక మజ్జ నుంచి ఇంకొన్నిటిని బయటికి పంపిస్తుంది. అందుకే అంకె పెరిగింది. ఇదే మీ ప్రశ్నకి కీలకం: కణం ఎక్కడ దిగాలో చెప్పేది ఆ గోడే.

ముల్లు దిగగానే అక్కడ ముందే కాపురమున్న రక్షణ కణాలు, అంటే మాక్రోఫేజ్‌లు, మాస్ట్ కణాలు హిస్టమిన్, టీఎన్ఎఫ్ లాంటి రసాయనాలు వదులుతాయి. అవి దగ్గర్లోని సన్న సిరల లోపొరకి తగులుతాయి. కేశనాళికలు దాటాక సిర మొదలయ్యే చోటన్నమాట. అక్కడ రక్తం వేగం తక్కువ, గోడ పల్చన. ఆ లోపొర కణాలు తమ దగ్గర దాచిపెట్టుకున్న పి-సెలెక్టిన్ అనే ప్రొటీన్‌ని నిమిషాల్లో పైకి తెస్తాయి. ఈ-సెలెక్టిన్ మాత్రం కొత్తగా తయారవ్వాలి, దానికి గంటా రెండు గంటలు పడుతుంది.

చేలగట్టు మీద నడిస్తే పంచెకి ఉత్తరేణి గింజలు పట్టుకుంటాయి చూడండి, సెలెక్టిన్ పట్టు అలాంటిది. పట్టుకుంటుంది, ఊడుతుంది, మళ్ళీ పట్టుకుంటుంది. రక్తం వెనకనుంచి తోస్తుంటే కణం గోడ మీద మెల్లగా దొర్లుతుంది. దొర్లుతున్నప్పుడు గోడకి అతుక్కుని ఉన్న ఐఎల్-8 లాంటి కీమోకైన్ (తెల్లకణాల్ని పిలిచే రసాయనం) తగిలితే, కణం మీద ముడుచుకుని ఉన్న ఇంటెగ్రిన్ అనే ప్రొటీన్లు నిటారుగా విప్పుకుని గోడ మీది ఐకామ్-1 అనే ప్రొటీన్‌ని గట్టిగా పట్టుకుంటాయి. ఇక దొర్లడం ఉండదు. కణం చదునుగా పరుచుకుని, పాక్కుంటూ పోయి, రెండు లోపొర కణాల మధ్య సందు వెతుక్కుంటుంది.

సందు దొరికాక ముందు ఒక పాదం లాంటిది దూరుస్తుంది. పీక్యామ్-1 అనే ప్రొటీన్ ఇటు కణం మీదా ఉంటుంది, అటు సందు అంచుల్లోనూ ఉంటుంది. ఆ ఆసరాతో కణం జారుకుంటూ వెళ్ళిపోతుంది. కొన్నిసార్లు సందుతో పనిలేకుండా లోపొర కణం మధ్యలోంచే పోతుంది. కణంలో బిరుసైన భాగం కేంద్రకం. లీష్‌మన్ స్టెయిన్ అనే రంగు వేస్తే న్యూట్రోఫిల్ కేంద్రకం ఊదారంగులో రెండు నుంచి ఐదు ముక్కలుగా, మధ్యలో సన్నటి దారంతో కనిపిస్తుంది. ఒక్కో ముక్కగా ఇరుకులోంచి దూరడానికి ఆ ఆకారం అనువైనదని నాకెవరూ చెప్పలేదు. ఏళ్ళ తరబడి ముక్కలు లెక్కపెట్టాను, అంతే. కణం దాటాక గోడ మళ్ళీ మూసుకుంటుంది. మీరడిగిన బొక్క అందుకే మిగలదు.

దీన్ని కళ్ళారా చూసి వివరంగా రాసినవాడు యూలియుస్ కోన్‌హైమ్. 1867లో, బెర్లిన్‌లో. కప్ప పేగుల్ని పట్టి ఉంచే పల్చటి పొరని మైక్రోస్కోపు కింద పరిచి గంటల తరబడి కూర్చున్నాడు. తెల్లకణాలు సిర అంచున బారులు తీరడం, గోడ బయట చిన్న బొడిపె లేవడం, అది పెద్దదై సన్నటి కాడతో వేలాడి చివరికి ఊడిపోవడం చూశాడు. చీము కణాలు వాచిన చోటి కణజాలంలోనే పుడతాయని ఆయన గురువు విర్ఖౌ చెప్పేవాడు. రక్తంలోంచి వస్తాయని శిష్యుడు చూపించాడు. గురువుగారి ముఖం ఎలా ఉండి ఉంటుందో!

బయటపడ్డాక కణం ఆ రసాయనాల ఘాటు ఎటు ఎక్కువుంటే అటు పాకుతుంది. మొదటి రోజు వచ్చేవి ఎక్కువగా న్యూట్రోఫిల్స్, ఆ తర్వాత మోనోసైట్‌లు. ముల్లు గుచ్చుకున్న పూట ఎర్రగా వాచినా చీము తర్వాత పట్టేది, న్యూట్రోఫిల్స్ వచ్చి పోగై చావడానికి సమయం పడుతుంది కాబట్టే. సెగగడ్డ చీము చుక్క స్లైడు మీద రాస్తే ఫీల్డు నిండా చచ్చిన న్యూట్రోఫిల్సే, ఖాళీ ఉండదు.

ఇంటెగ్రిన్‌లో సీడీ18 అనే భాగం పుట్టుకతో సరిగా తయారవని పిల్లలు బహు అరుదుగా ఉంటారు. వాళ్ళ కౌంట్ ఆకాశంలో ఉంటుంది, పుండులో చీము మాత్రం పట్టదు. బొడ్డుతాడు మూడు వారాలు దాటినా ఊడదు. సైన్యమంతా రోడ్డు మీదే ఉంది, దిగే దారే లేదు. అలాంటి శాంపిల్ నా చేతికి ఎప్పుడూ రాలేదు, రాకూడదనే కోరుకుంటాను.

బాబాయి మాత్రలు డాక్టరు చెప్పినట్టే మెల్లగా తగ్గించుకుంటూ వచ్చాడు, కౌంట్ కూడా దిగింది. అప్పట్నుంచి నేను సూది గుచ్చేముందు రెండు మాటలు అడుగుతాను: "స్టెరాయిడ్ మాత్రలేమైనా వాడుతున్నారా? మెట్లు పరుగెత్తుకుంటూ ఎక్కి వచ్చారా?" రెండోదానికి అందరూ నవ్వుతారు. కానీ పరుగు పెట్టినా గోడ వదిలే కణాలు ఉంటాయి, అందుకని కాసేపు కూర్చోబెట్టాకే శాంపిల్ తీస్తాను.