నలభై దాటాక 1942 విమానం గేమ్ నేర్చుకోవచ్చా?

ఫోన్‌లో 1942 గేమ్ (శత్రు విమానాలను కూల్చుతూ, వాటి బుల్లెట్లు తప్పించుకుంటూ పోయే పాత వీడియో గేమ్) మళ్లీ మొదలుపెట్టాననీ, మొదటి నాలుగైదు స్టేజీలకు మించి పోలేకపోతున్నాననీ, నలభై దాటాక చేతుల్లో వేగం తగ్గిందేమోననీ అడిగారు కదా. నా మాట నమ్మండి, మీ చేతులకేమీ కాలేదు. ఈ గేమ్‌లో చేతికంటే కంటికే పని ఎక్కువ. కన్ను ఎక్కడ పెట్టాలో తెలిస్తే ఏ వయసులోనైనా ఆడొచ్చు.

మాది అనంతపురం. తొంభైల్లో సుభాష్ రోడ్డు దగ్గర ఒక సందులో చిన్న వీడియో గేమ్స్ షాపు ఉండేది. స్కూలు వదలగానే అక్కడికే. జేబులో రూపాయి ఉంటే అదే గొప్ప. అది కాస్తా మెషీన్‌లో పడి ఆట అయిపోయాక, చీకటి పడేదాకా పక్కన నిలబడి వేరేవాళ్లు ఆడుతుంటే చూసేవాళ్లం. నాకు ఈ గేమ్ వచ్చింది ఆడి కాదు, అలా చూసే. పాతూరు నుంచి ఒకన్న వచ్చేవాడు, బట్టల కొట్లో పని. ఆయన ఆడుతుంటే భుజాలు కూడా కదిలేవి కావు. ఎలా ఆడుతున్నావన్నా అని అడిగితే, "నీ ప్లేన్‌ని చూడొద్దురా అబ్బీ, అది యాడికీ పోదు. పైన చూడు" అన్నాడు. ఈ గేమ్ గురించి నేను విన్న మాటల్లో ఇంతకంటే పనికొచ్చేది ఇంకోటి లేదు.

మనం ఏం చేస్తామంటే, ప్రాణం దాంట్లోనే ఉంది కాబట్టి మన ప్లేన్‌నే చూస్తూ ఉంటాం. బుల్లెట్ దగ్గరికి వచ్చాకే కంటికి కనిపిస్తుంది, అప్పుడు కంగారుగా పక్కకు లాగుతాం, అక్కడ ఇంకోటి తగులుతుంది. అదే చూపు స్క్రీన్ పైభాగంలో ఉంటే, బుల్లెట్ బయల్దేరినప్పుడే తెలిసిపోతుంది. మన ప్లేన్ ఎక్కడుందో ఓరకంటికే తెలుస్తుంది. మొదటి రెండు మూడు రోజులు కష్టంగా ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది.

ఇంకో సంగతి. ఇందులో శత్రువులు బుల్లెట్ వేసేది ఆ క్షణంలో మీరున్న చోటికి. కాబట్టి వాళ్లు వేశాక ఒక్క ప్లేన్ వెడల్పు జరిగితే చాలు, అది పక్కనుంచి పోతుంది. మళ్లీ వేస్తే మళ్లీ కొంచెం. ఇలా ఒకే దిక్కుకు కొంచెం కొంచెంగా జరుగుతూ పోయి, అంచు రాకముందే, వరస మధ్య ఖాళీ దొరికినప్పుడు రెండో వైపుకు తిరగాలి. ఒక్కసారిగా మూలకు పరిగెత్తారంటే అక్కడ ఇరుక్కుపోతారు. మీకు నాలుగో, ఐదో స్టేజీలో లైఫ్‌లు పోతున్నది ఇలాగే అయ్యుంటుందని నా అనుమానం.

అడుగునే అంటిపెట్టుకుని ఉండటం కూడా ప్రమాదమే. పెద్ద విమానాలు కొన్ని వెనకనుంచి, అంటే స్క్రీన్ కిందనుంచి లేస్తాయి. చిన్నవి కిందికి దిగి వెనక్కి తిరిగి పైకి పోతాయి. అందుకే కింద కాస్త జాగా వదిలి ఆడండి.

లూప్ బటన్ (నొక్కితే ప్లేన్ గాల్లో గిరికీ కొడుతుంది) సంగతి చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్ని దాచుకుని దాచుకుని వాడకుండానే చచ్చిపోతారు. మూడు లూప్‌లు ఇచ్చింది వాడుకోవడానికే. ప్లేన్ గిరికీ కొట్టినంతసేపు ఏ బుల్లెట్టూ తగలదు. కాకపోతే ఆ సమయంలో మీరూ కాల్చలేరు. చుట్టూ మూసుకుపోయాక నొక్కితే దిగే చోటు కూడా నిండిపోయి ఉంటుంది. ఇంకో క్షణంలో ఇరుక్కుంటాను అనిపించినప్పుడే నొక్కేయాలి. అయాకో అనే పెద్ద బాంబర్ వస్తుంది, ఎన్ని దెబ్బలు తిన్నా ఒక పట్టాన పడదు. దాని దగ్గరికి వచ్చేసరికి లూప్‌లు మిగిలి ఉంటే మంచిది.

ఎర్ర విమానాలు వరసగా వస్తే మాత్రం ఒక్కటీ వదలొద్దు. వరస మొత్తం కూల్చితేనే పి.ఓ.డబ్ల్యు. (POW) అని రాసిన గుర్తు ఒకటి స్క్రీన్ మీద కనిపిస్తుంది, దాన్ని అందుకోవాలి. దాంతో నాలుగు బుల్లెట్ల తుపాకీ రావచ్చు, పక్కన రెండు చిన్న విమానాలు రావచ్చు, ఇంకో లూప్ కూడా రావచ్చు. నా ఓటు నాలుగు బుల్లెట్లకే. గురి కొంచెం అటూ ఇటూ అయినా పని జరుగుతుంది.

గేమ్ గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. దీన్ని జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1984లో తెచ్చింది. చేసినాయన యోషికి ఒకామోటో, అంతకుముందు కొనామీలో టైమ్ పైలట్ చేసింది కూడా ఈయనే. మొత్తం 32 స్టేజీలు, నంబర్లు 32 నుంచి కిందికి దిగుతూ వస్తాయి. మీరు నడిపేది పి-38 లైట్నింగ్, రెండు తోకల అమెరికా విమానం. గేమ్‌లో నౌక మీదనుంచి లేస్తుంది కానీ, నిజం పి-38 అమెరికా సైన్యపు వైమానిక దళానిది, నేల మీది రన్‌వేల నుంచి ఎగిరేది. స్టేజీ అయ్యాక ఎన్ని విమానాలు కూల్చారో శాతంలో చూపిస్తుంది. బట్టల కొట్టు అన్న స్కోరు పట్టించుకునేవాడు కాదు, ఆ శాతమే చూసుకునేవాడు. నేనూ అదే చూస్తాను. ఎంత బాగా ఆడామో దాన్ని బట్టే తెలుస్తుంది.

ఇక మీ ఫోన్ విషయం. మీరు ఆడుతున్నది షాపుల్లోని మెషీన్ వెర్షనా, టీవీకి పెట్టుకునే క్యాసెట్ వెర్షనా చూసుకోండి. క్యాసెట్‌లో వచ్చింది 1985 నాటిది, బొమ్మలు మినుకుమినుకుమంటాయి, ఆట అంత సాఫీగా సాగదు. నేర్చుకోవడానికి మెషీన్‌దే నయం. దాని స్క్రీన్ నిలువుగా ఉండేది, కాబట్టి ఫోన్ కూడా నిలువుగానే పట్టుకోండి. స్క్రీన్ మీద వేలు పెట్టి ఆడితే వేలే సగం చూపును కప్పేస్తుంది. బ్లూటూత్ కంట్రోలర్ చిన్నదొకటి కొనుక్కోగలిగితే కొనండి, వీలుకాకపోతే లూప్ బటన్‌నైనా ఫైర్ బటన్‌కు కాస్త ఎడంగా జరుపుకోండి. టెన్షన్‌లో రెండూ కలిసి నొక్కుకుపోతుంటాయి.

ఈ వారం ఒక పని చేయండి. మొదటి స్టేజీని ఒక్క బుల్లెట్ కూడా కాల్చకుండా, కేవలం తప్పించుకుంటూ ఆడండి. నేల దానంతటదే కిందికి జరుగుతూ ఉంటుంది, కాల్చకపోయినా స్టేజీ అయిపోతుంది. కాల్చే పని లేకపోతే చూపు తనంతట తనే పైకి పోతుంది. అలా ఒక లైఫ్‌తో దాటగలిగాక మామూలుగా ఆడి, ఏ నంబర్ స్టేజీలో ఆగిపోతున్నారో ఇక్కడే రాయండి. ఆ స్టేజీలో ఏ వరస ఎటునుంచి వస్తుందో నాకు గుర్తున్నంతవరకు చెబుతాను.